జాబ్ టేబుల్ పెట్టిన పరీక్ష: పీపుల్‌సాఫ్ట్ హెచ్‌ఆర్ డేటాతో నా అనుభవం

శాఖలవారీగా ఎంతమంది పనిచేస్తున్నారో చూపే నివేదిక నిన్న సాయంత్రం జీతాల విభాగం లెక్కతో ఒక్క మనిషి తేడా లేకుండా సరిపోయింది. ఆ ఊరట తగ్గకముందే ఇది రాస్తున్నాను.

మా సంస్థ ఉద్యోగుల వివరాలన్నీ హెచ్‌ఆర్ (సిబ్బంది వ్యవహారాల) సాఫ్ట్‌వేర్ అయిన పీపుల్‌సాఫ్ట్‌లో ఉంటాయి. డేటాబేస్ చూసే అనుమతి వెంటనే దొరికింది. టేబుళ్లు వేలల్లో కనిపిస్తాయి కానీ బెదిరిపోనక్కర్లేదు. ఈ సాఫ్ట్‌వేర్ తన టేబుళ్ల వివరాలను తన దగ్గరే రాసిపెట్టుకుంటుంది. రికార్డుల (ఇక్కడ టేబుళ్లను అలా పిలుస్తారు) పేర్లు పీఎస్‌రెక్‌డెఫ్న్‌లో, ఏ రికార్డులో ఏ ఫీల్డులున్నాయో పీఎస్‌రెక్‌ఫీల్డ్‌లో దొరుకుతాయి. రెక్‌టైప్ 0 అయితే అసలు టేబుల్, 1 అయితే వ్యూ, అంటే వేరే టేబుళ్లలోని డేటాను చూపే రూపం. ఈ ముక్క చెప్పడానికి మా కన్సల్టెంట్లకు నోరు రాలేదు. ఎప్పుడడిగినా డాక్యుమెంట్ పంపుతామనేవారు. చివరికి వచ్చింది కాలమ్ పేర్ల పట్టీ. తెలిసిన విషయాన్ని గుప్పిట్లో పెట్టుకుని పెత్తనం చేసేవాళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

అసలు అవమానం జాబ్ టేబుల్ దగ్గర జరిగింది.

ఈ టేబుల్‌లో మనిషికి ఒక్క వరుస ఉండదు. చేరిక, బదిలీ, జీతం పెంపు, రాజీనామా, ఏది జరిగినా కొత్త వరుస చేరుతుంది, పాతది అలాగే ఉంటుంది. ఎంప్లాయీ ఐడీ, ఎంప్లాయీ రికార్డ్ నంబర్, ఎఫెక్టివ్ డేట్ (మార్పు అమల్లోకి వచ్చే తేదీ), ఎఫెక్టివ్ సీక్వెన్స్ (ఒకే తేదీ వరుసల క్రమసంఖ్య), ఈ నాలుగూ కలిస్తేనే ఒక వరుసను గుర్తించగలం. మొదలయ్యే తేదీ ఉంటుంది, ముగిసే తేదీ ఉండదు. ఒరాకిల్ సొంత హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ హెచ్‌ఆర్‌ఎంఎస్‌లో కొనసాగుతున్న వరుసకు 31-12-4712 అని, ఎస్‌ఏపీలో 31-12-9999 అని ముగింపు తేదీ కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం తర్వాతి వరుసను చూస్తేనే ముందుదాని గడువు తెలుస్తుంది.

కన్సల్టెంట్లు ఇచ్చిన క్వెరీనే (డేటాబేస్ నుంచి వివరాలు రాబట్టే ప్రశ్న) వాడాలని నాకు పైనుంచి ఆదేశం. అది ప్రతి మనిషికీ అన్నిటికంటే పెద్ద ఎఫెక్టివ్ డేట్ ఉన్న వరుసను తెస్తుంది. వచ్చే నెల బదిలీ కావలసిన ఒక మేనేజర్ అప్పుడే కొత్త శాఖలో తేలారు. రాజీనామా తేదీ ఇంకా రాని ఉద్యోగి, ముందే నమోదైన రాజీనామా వరుస వల్ల, జాబితాలోంచి మాయమయ్యారు. ఒకే రోజు బదిలీ, జీతం పెంపు రెండూ నమోదైనవారికి సీక్వెన్స్ 0, 1తో రెండు వరుసలుండటంతో వారు రెండుసార్లు లెక్కకొచ్చారు. సమావేశంలో మా పై అధికారి అందరి ముందూ "ఉన్న మనుషులను లెక్కపెట్టడం కూడా రాదా?" అని నన్నే నిలదీశారు. ఆ క్వెరీ రాసినవాళ్లు అదే గదిలో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. అది నేను మరచిపోను.

ఆ రాత్రే వరుసలన్నీ ఒక్కొక్కటిగా చదివాను. ముందు ఒక తేదీ నిర్ణయించుకోవాలి. ఆ తేదీని దాటని ఎఫెక్టివ్ డేట్లలో పెద్దది తీసుకోవాలి, ఆ రోజు వరుసలు ఒకటికి మించి ఉంటే పెద్ద సీక్వెన్స్ తీసుకోవాలి. హెచ్‌ఆర్ స్టేటస్ (ఉద్యోగంలో ఉన్నారా, మానేశారా) షరతు పెట్టాల్సింది ఆ తర్వాతే. పెద్ద తేదీని వెతికే లోపలి క్వెరీ, అంటే సబ్‌క్వెరీ లోపలే దాన్ని పెడితే ఉద్యోగం మానేసినవాళ్లు తిరిగొచ్చేస్తారు, ఎందుకంటే వాళ్లు పనిచేస్తున్నప్పటి చివరి వరుస దొరుకుతుంది. ఎంత అనుభవజ్ఞులు రాసిచ్చిన క్వెరీ అయినా ముందు ఇదే చూడండి.

ఒకే మనిషి రెండు ఉద్యోగాలు చేస్తుంటే రికార్డ్ నంబర్లు రెండుంటాయి, కాబట్టి లెక్కించేది మనుషులనా ఉద్యోగాలనా అని ముందే అడగండి. శాఖల టేబుల్‌కూ ఎఫెక్టివ్ డేట్ ఉంది, పైగా సెట్ ఐడీ (ఏ శాఖల జాబితాకు చెందిందో చెప్పే గుర్తు) కూడా. డిపార్ట్‌మెంట్ ఐడీ ఒక్కదానితో కలిపితే శాఖ పేరు మారినప్పుడల్లా వరుసలు పెరిగిపోతాయి. జాబ్ టేబుల్‌లోనే శాఖకు సంబంధించిన సెట్ ఐడీ ఉంటుంది, దాన్నీ జోడించి, శాఖకూ అదే నివేదిక తేదీ వర్తింపజేయాలి.

ఇప్పుడు జీతాల విభాగం కూడా తన పాత క్వెరీ పక్కనపెట్టి నాదే తీసుకుంది. ఎంతమంది ఉన్నారని ఊరికే అడిగితే నేనిక లెక్క ఇవ్వడం లేదు. ఏ తేదీకి కావాలో, మనుషులా ఉద్యోగాలా అన్నదీ రాసిస్తేనే క్వెరీ నడుపుతున్నాను. నిన్న మా పై అధికారి కూడా అలాగే రాసిచ్చారు.