మాత్రలు మానేసిన నాలుగు రోజులు

దగ్గు మొదలై మూడు వారాలు దాటింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు దిండు తడిసేది. పని ఎక్కువై నీరసం అనుకుంటూ నెట్టుకొచ్చాను. ఒక తెల్లవారుజామున కఫంలో సన్నగా రక్తపు చార కనిపించింది. అప్పుడు చేసింది ప్రార్థన అనలేను. "ప్రభువా, అది మాత్రం కాకూడదు" అన్నానంతే. అదే అయింది. కఫం పరీక్షలో టీబీ అని తేలింది.

మొత్తం ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, ఆ తర్వాత కొన్ని తగ్గిస్తామన్నారు. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని నర్సమ్మ ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మొదటి రోజే హడలిపోయేదాన్ని. పరగడుపున ఆ మాత్రలు మింగడం, గంటసేపు వికారంతో గోడకు ఆనుకుని కూర్చోవడం. ఇంట్లో నా గది వేరు. ఆదివారం ఆరాధన ఫోన్‌లోనే.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు అరగంట ప్రార్థించగలిగిన నాకు అప్పుడు నాలుగు మాటలు కూడబలుక్కోవడం కష్టమైంది. మోకరిస్తే దగ్గు. బైబిల్ తెరిస్తే 13వ కీర్తన దగ్గరే ఆగిపోయేదాన్ని. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" దావీదు అడిగాడు కదా, నేనూ అడగొచ్చులే అని ధైర్యం.

సంఘంలో చాలామంది ఫోన్ చేసి ప్రార్థించారు. ఒకరు మాత్రం, "హృదయాన్ని పరీక్షించుకున్నావా సిస్టర్?" అన్నారు. పుట్టుగుడ్డివాడిని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదని యేసు చెప్పిన మాట యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. సండే స్కూల్లో పిల్లలకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. అయినా ఆ రాత్రి పడుకుని, చిన్నప్పటి అబద్ధాలతో సహా నా పాపాలన్నీ లెక్కపెట్టాను.

రెండు నెలలకు దగ్గు పోయింది, జ్వరం పోయింది, బరువు పెరిగాను. కఫం పరీక్షలో ఏమీ కనిపించలేదు. అప్పుడు సంఘ పెద్ద ఒకాయన ఫోన్ చేసి, "దేవుడు నిన్ను ముట్టాడు. ఇంకా మాత్రలు మింగుతున్నావంటే ఆయన్ని అనుమానిస్తున్నట్టే" అన్నారు. తప్పంతా ఆయన మీద వేయను. ఆ మాత్రలంటే నాకు అప్పటికే రోత పుట్టింది. మానేయడానికి ఒక కారణం కావాలి, ఆయన నోట అది విశ్వాసమనే పేరుతో వచ్చింది. ఎవరికీ చెప్పకుండా మానేశాను.

ఐదో రోజు పొద్దున అమ్మ మాత్రల లెక్క చూసింది. తిట్టలేదు. పాస్టర్ గారికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. ఆయన రెండవ రాజులు 20వ అధ్యాయం చదవమన్నారు. యూదా రాజు హిజ్కియా చావుబతుకుల్లో ఉండి కన్నీళ్లతో ప్రార్థిస్తాడు. బాగుచేస్తాను, మూడో రోజున మందిరానికి వెళ్తావు, 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తాను అని దేవుడు యెషయా ప్రవక్త చేత చెప్పిస్తాడు. ఆ వెంటనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పిస్తాడు, దాన్ని రాజు కురుపు మీద వేస్తారు.

"బాగుచేస్తానని దేవుడే చెప్పాక ఆ ముద్ద ఎందుకమ్మా?" అన్నారు.

నాకు జవాబు తోచలేదు.

"నాకూ తెలీదు. యెషయా తెమ్మన్నాడు, వాళ్లు తెచ్చారు. నువ్వు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లు."

వెళ్లాను. లక్షణాలు పోయినా లోపల కొన్ని క్రిములు మిగిలే ఉంటాయని, మధ్యలో ఆపితే అవి మందులకు లొంగకుండా మొండికేయవచ్చని, అప్పుడు చికిత్స ఇంకా కష్టమని డాక్టర్ చెప్పారు. తప్పిన నాలుగు రోజులూ చివర్లో కలిపారు.

ఆ తర్వాతి నెలల్లో నాకు ఎక్కువగా గుర్తొచ్చింది అపొస్తలుడు పౌలు సహచరుడైన త్రోఫిము. పౌలు చేతుల మీదుగా ఎందరో బాగయ్యారు. అలాంటి పౌలే తిమోతికి రాస్తూ, త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి వచ్చానంటాడు. అంతే, తర్వాత అతనేమయ్యాడో అక్కడ లేదు. పౌలు వెళ్లిపోయాక ఆ మనిషి పడుకుని ఏమని ప్రార్థించాడో! నేనైతే మాత్రలు అరచేతిలో పోసుకుని, "ఇవాళ్టివి కడుపులో నిలవనీ తండ్రీ" అనేదాన్ని. కొన్ని రోజులు అంతకుమించి ప్రార్థన లేదు.

కోర్సు పూర్తయింది, పరీక్షల్లో అంతా బాగుందన్నారు. ఆదివారం సంఘం ముందు నా అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పమన్నారు. మానేసిన నాలుగు రోజుల సంగతి చెప్పాలా వద్దా అని చాలా టెన్షన్ పడ్డాను. పేరు ఎత్తకుండా చెప్పేశాను. ఆ పెద్దాయన రెండో వరుసలోనే కూర్చుని తల దించుకుని విన్నారు.

ఆరాధన అయ్యాక దగ్గరికి వచ్చారు. ఏమంటారోనని చేతులు చల్లబడ్డాయి. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఆ అంజూరపు ముద్ద ఎన్నో వచనం సిస్టర్?" అని అడిగారు.

"ఏడు" అన్నాను.