సైటు ఖర్చా, ఆఫీసు ఖర్చా?

హనుమకొండలోని మా చిన్న కాంట్రాక్టు సంస్థలో ఏడాది లెక్కలు ముగించేటప్పుడు సిమెంటు, ఇనుము, మేస్త్రీల కూలి గురించి ఎవరూ వాదించరు, ఎందుకంటే అవి ఏ పనికి చెందుతాయో బిల్లులే చెబుతాయి. పరకాల, నర్సంపేట పనులు రెండింటినీ చూసుకునే సూపర్‌వైజర్ జీతం దగ్గరే అసలు చర్చ మొదలవుతుంది.

"ఈ పని రాకపోయినా ఆ జీతం ఇచ్చేవాళ్లమే కదా సార్, ఆఫీసు ఖర్చులో రాసేద్దాం" అంటారు మా అకౌంటెంటు గారు. ఆ తర్కం నాకు సమ్మతం కాదు. నిర్మాణ కాంట్రాక్టుల లెక్కలకు సంబంధించి 2002లో సవరించిన అకౌంటింగ్ స్టాండర్డ్ 7 ప్రకారం సైటు పర్యవేక్షణతో సహా సైటు కూలి ఆ కాంట్రాక్టు ఖర్చే. తిరిగి చెల్లిస్తామని ఒప్పందంలో లేని సాధారణ పరిపాలన ఖర్చులు, ఏ పనికీ వాడకుండా ఖాళీగా ఉన్న యంత్రాల తరుగుదల మాత్రం అందులోకి రావు. అందుకే సూపర్‌వైజర్ జీతాన్ని హాజరు పుస్తకంలోని రోజులను బట్టి రెండు పనులకూ పంచాను. వానాకాలమంతా షెడ్డులో నిలిచిన మిక్సర్ తరుగుదలను ఆఫీసు పద్దులోనే ఉంచాను.

ఇదంతా చాదస్తమని కొందరికి అనిపించవచ్చు. కానీ జీతం, డీజిల్ ఆఫీసు పద్దులో దాగితే ప్రతి పనీ లాభంగానే కనిపిస్తుంది, ఆ అంకెలను నమ్మి తర్వాతి టెండరుకు తక్కువ రేటు వేస్తాం. కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) రేట్ల విశ్లేషణలో లాభానికీ, ఓవర్‌హెడ్‌కూ, అంటే ఆఫీసు వంటి పరోక్ష ఖర్చులకూ, కలిపి చేర్చేది 15 శాతమే, కాబట్టి అలాంటి పొరపాటుకు పెద్దగా చోటు లేదు.

ఫోను బిల్లులను మాత్రం పంచలేదు. ఆ శ్రమకు తగిన ఫలితం ఉండదు.