మధ్యలో మా చిన్ని

చిన్నిని మళ్ళీ ఆ ఇద్దరు పిడుగుల మధ్యే కూర్చోబెట్టారు. "మీ పాప కామ్ కదండీ, మధ్యలో ఉంటే వాళ్ళు కాస్త అణుగుతారు" అంది క్లాస్ మిస్. అంటే నేను ఫీజు కడుతున్నది దాని చదువుకా, మగపిల్లల అల్లరికి కాపలాకా? బుద్ధిగా ఉన్నందుకు మూడో తరగతిలోనే ఉద్యోగం! మా రోజుల నుంచీ ఇదే తంతు. ప్రైమరీలో 30 మందికో టీచరు ఉండాలని చట్టంలో రాశారుగా, ఆ గదిలో నలభై పైనే ఉన్నారు అంటే ఈయన నవ్వేసి ఊరుకున్నారు.

వాళ్ళు అణిగారో లేదో గానీ మాది ఈల నేర్చుకొచ్చింది. పైగా అన్నం కంచం మీద స్కేలుతో దరువు. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అని అత్తయ్య మొదలెట్టారు. ఆరు నెలలెక్కడ, జూన్‌లో చేరితే ఆగస్టుకే అయిపోయింది.

ఏడో తరగతిలో నేను లీడర్ని. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం, ఆపకపోతే పక్కన ఇంటూలు పెట్టడం నా పని. ఒకరోజు సోషల్ సార్ బోర్డు వైపు తిరగ్గానే వెనక బెంచీలో ఎవరో నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అని అందుకున్నారు. తేనెతుట్టె కదిలినట్టు వరసలన్నీ మోగాయి. సార్ ఏ బెంచీ దగ్గరికెళ్తే అక్కడ ఆగిపోతుంది, వెనక మొదలవుతుంది. "లీడర్, ఎవరే?" అన్నారు. లేచి "తెలీదు సార్" అన్నా. కూర్చుని నేనూ అందుకున్నా. ఆ ఏడాది మొత్తంలో నన్నెవరూ చాడీలకోరు అనని రోజు అదొక్కటే.

ఇంతకీ, పోయినేడు చిన్ని బళ్ళో బాత్రూమ్‌కే వెళ్ళేది కాదు. అడగడానికి బిడియం. నీళ్ళు తాగితే వెళ్ళాల్సొస్తుందని సీసా నిండుగానే తిరిగొచ్చేది. ఇప్పుడు ఖాళీగా వస్తోంది. ఎడమపక్క పిడుగు పీరియడ్‌కోసారి "మిస్, వాటర్!" అని లేస్తాడట, వాడి వెనకే ఇదీ. బీఈడీలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల ప్రయోగం బట్టీ పట్టాను. అందరూ తప్పు చెప్తుంటే కళ్ళెదుటి గీత పొడవును కూడా ఒక్కసారైనా కాదనేస్తారు చాలామంది. ఒక్కడు సరిగ్గా చెప్పి తోడు నిలిస్తే చాలు, ధైర్యం వస్తుంది. పరీక్షలో రాసి మర్చిపోయాను.

శనివారం మీటింగ్‌లో సీటు మార్చమని గట్టిగా అడుగుదామనుకున్నా. ఇక అడగను. కాపలా ఉద్యోగం సంగతి మాత్రం మిస్‌తో అనేస్తాను, అది వేరే లెక్క. ఈల కూడా, అత్తయ్య పూజలో ఉన్నప్పుడు వద్దని దీనికి చెప్పాలి.