కింది సెట్టుతో తంటా

సుగర్ వచ్చిన పదేళ్ళకి నా పళ్ళు ఒక్కొక్కటే కదలడం మొదలుపెట్టాయి. నొప్పి ఉండేది కాదు, అందుకే పట్టించుకోలేదు. చిగుళ్ళలోంచి రక్తం వస్తే లవంగ నూనె రాసి ఊరుకునేదాన్ని. కొబ్బరికి పేరుపడ్డ అంబాజీపేట పక్కన కాపురం ఉంటూ కొబ్బరి ముక్క కొరకలేవేంటని మా ఆయన ఏడిపించేవారు. చివరికి చూపించుకుంటే, పుచ్చిపోయినవి తక్కువే, పళ్ళని పట్టి ఉంచే ఎముకే పోయిందన్నారు. మిగిలిన పదకొండూ నాలుగు విడతల్లో తీయించేశాను.

తొందరపడింది నేనే. మేనకోడలి పెళ్ళికి బోసినోటితో ఎలా వెళ్ళను? నెల తిరక్కుండానే కట్టుడు పళ్ళ సెట్టు పెట్టేయమన్నాను, ఆ క్లినిక్ వాళ్ళూ సరేనన్నారు. పన్ను తీశాక కింద ఎముక కరుగుతూ వస్తుందని, మొదటి కొన్ని నెలల్లోనే అది ఎక్కువని ఒక్కరూ చెప్పలేదు. పెళ్ళి గడిచింది. మూడో నెలకి కింది సెట్టు రేవులో నాటుపడవలా ఊగడం మొదలైంది. దాని కిందకి ఆవగింజ దూరినా గాజుపెంకు గుచ్చుకున్నట్టే. కొట్టుకెళ్ళి అరకేజీ శనగపప్పు అడిగితే మాట మధ్యలో ఈల వచ్చింది. కొట్టబ్బాయి తల తిప్పుకున్నాడు. ఇంటికొచ్చి రెండు సెట్లూ తీసి గ్లాసులో పడేశాను. నాలుగు నెలలు అక్కడే ఉన్నాయి. మెత్తగా పిసుక్కున్న అన్నమూ పప్పుచారే తింటూ కూర్చునేసరికి సుగర్ మళ్ళీ పెరిగింది.

అప్పుడు అమలాపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్ళారు. నోరు చూసి, "పిన్నిగారూ, నొప్పని తీసేసి వస్తే ఎక్కడ ఒరుసుకుంటోందో నాకెలా తెలుస్తుందండీ? రేపు పెట్టుకుని తిరిగి, ఎల్లుండి అలాగే రండి" అంది. వెళ్ళాను. సెట్టు లోపల తెల్లటి పేస్టు రాసి పెట్టి, తీసింది. ఒకచోట పెసరగింజంత మేర పేస్టు చెరిగిపోయి గులాబీరంగు కనిపించింది. సరిగ్గా నా పుండుకి ఎదురుగా! అంత మేరే అరగదీసింది. పుండు మానాక మళ్ళీ కొలత తీసుకుని, లోపలివైపు కొత్త పోత పోయించింది.

పైది అంగిలికి అతుక్కుని నిలబడుతుందట. కిందిది గుర్రపు లాడంలా ఉంటుంది, నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది. ఎముకలో రెండు స్క్రూలు వేయించుకుంటే కదలకుండా ఉంటుందని కూడా చెప్పింది. ఖర్చు విని, ముందు సుగర్ తగ్గనివ్వమ్మా అన్నాను.

మాట కోసం రోజూ ఏదైనా పైకి చదవమంటే విష్ణు సహస్రనామం పట్టుకున్నాను. అన్ని సకారాలు, శకారాలు ఇంకెక్కడ దొరుకుతాయి? పుణ్యమూ కలిసొస్తుంది. పదిహేను రోజులకి ఈల పోయింది. కాఫీ మాత్రం ఒకసారి గొంతు కాల్చింది. అంగిలి మీద ప్లాస్టిక్కు ఉంటే వేడి తెలియదు, నేరుగా గొంతులోకే. ఇప్పుడు ముందు పెదవికి తగిలించి చూసుకుంటాను. రాత్రి తీసి చన్నీళ్ళలో వేస్తాను. వేడినీళ్ళు పోస్తే వంకర తిరుగుతాయట.

మొన్న అంతర్వేది వెళ్ళాం. ప్రసాదం కొబ్బరి చెక్కలోంచి మా ఆయన లేతగా ఉన్నచోటు గోటితో నొక్కి చూసి, చిన్న ముక్క తీసి ఇచ్చారు. ముందు పళ్ళతో కొరకలేదు. దాన్ని రెండు చేసి, ఒకటి కుడి దవడన, ఒకటి ఎడమ దవడన వేసుకుని నమిలాను. కింది సెట్టు కదిలింది కానీ లేవలేదు.