బ్రావో అంటే శభాష్ ఒక్కటే కాదు

మైలాపూరులో సంగీతం నేర్చుకునేవారికి త్యాగరాజ కీర్తనల్లోని తెలుగును పదం పదం విడదీసి చెబుతుంటాను. ఇటలీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూడా వారిలో ఉంది. ద్విత్వాక్షరాలు పలకడంలో ఆమెకు నా సాయం అక్కర్లేదు. వాళ్ల భాషలో ‘పాలా’ అంటే పార, ‘పల్లా’ అంటే బంతి.

తోటి విద్యార్థిని బాగా పాడితే ఆమె ‘బ్రావా!’ అంటుంది. సభలో ఎవరు పాడినా మనం ‘బ్రావో’ అనేస్తాం. ఇటాలియన్‌లో అది విశేషణం. పురుషుడైతే బ్రావో, స్త్రీ అయితే బ్రావా, పురుషులందరైనా స్త్రీ పురుషులు కలిసినా బ్రావీ, అందరూ స్త్రీలే అయితే బ్రావే. మన ‘మంచి’ అలా కాదు. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి అన్నప్పుడు కదలదు; వాక్యం చివరికి చేరితేనే మంచివాడు, మంచిది అవుతుంది.

నన్ను పట్టి కుదిపింది ఈ మాట పుట్టుక. లాటిన్‌లో అనాగరికుణ్ణి సూచించే ‘బార్బరుస్’ దీనికి మూలమని చాలామంది పండితులు అంటారు. వంకర, చెడు అనే అర్థాలున్న ‘ప్రావుస్’ అనేవారూ ఉన్నారు. ఎటు చూసినా పుట్టింట్లో మంచిపేరు లేదు! ఒకప్పుడు ‘బ్రావీ’ అంటే ప్రభువులు డబ్బిచ్చి పెట్టుకున్న గూండాలు. వాళ్లను అణచడానికి మిలాన్ గవర్నరు 1583లో శాసనమే జారీ చేశాడు. మొరటుతనం తెగువగా, తెగువ నేర్పుగా, నేర్పు మంచితనంగా మారుతూ వచ్చాయి. మన ‘సాహసం’ కూడా ధర్మశాస్త్రాల్లో బలప్రయోగంతో చేసే నేరమే. ఇప్పుడు సాహసం చేసిన పిల్లలకు పురస్కారాలిస్తున్నాం.

వాడుకలో ఒక మెలకువ ఉంది. వంట బాగా చేసేవారు బ్రావో. వండిన పప్పు మాత్రం ‘బువోనో’. అల్లరి చేసే పిల్లవాడితో ‘ఫాయ్ ఇల్ బ్రావో’ అంటే బుద్ధిగా ఉండమని. స్థానం మారితే అర్థమూ మారుతుంది: ‘ఉవోమో బ్రావో’ పనిలో సమర్థుడు, ‘బ్రావువోమో’ నిజాయతీపరుడు. ఈ రెండో అర్థమే నాకు ఎక్కువ ఇష్టం. మొన్న మైలాపూరులోని లజ్ దగ్గర ఆ ఇటలీ అమ్మాయి ఆటోలో మరిచిపోయిన శ్రుతిపెట్టెను డ్రైవరు వెతుక్కుంటూ వచ్చి ఇచ్చి వెళ్లాడు. ‘ఊనా బ్రావా పెర్సోనా’ అంది ఆమె. మగవాడిని బ్రావా అన్నావేమని అడిగాను. వ్యక్తి అనే అర్థమున్న ‘పెర్సోనా’ స్త్రీలింగమట, ఆ వ్యక్తి ఎవరైనా సరే.