బాబాయిని టైలర్‌ని చేస్తే కథ నడవలేదు

కథల్లో సొంతవాళ్ళని పెట్టుకునేవాళ్ళకి అందరూ ఇచ్చే సలహా ఒకటే. పేరు మార్చు, ఊరు మార్చు, ఉద్యోగం మార్చు. పేరుతో నాకు పేచీ లేదు. ఊరు కూడా ఎలాగోలా సర్దుకోవచ్చు. చిక్కంతా ఉద్యోగం దగ్గరే.

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. ఆయన మీద కథ రాయడానికి కూర్చున్నప్పుడు, ఇంట్లో గొడవెందుకని ఆయన్ని కొత్తపేటలో టైలర్‌ని చేశాను. టైలర్ గుడ్డలు బాగానే కుట్టాడు గానీ కథ మాత్రం మూడో పేజీలో కూలబడింది.

అసలు జరిగింది ఇదీ. 2023లో తేజ రకం మిర్చి క్వింటాలు ఇరవై వేలు దాటింది. ఆ ధర చూసినవాళ్ళు 2024 వేసవిలో తక్కువకి అమ్మడానికి ఇష్టపడలేదు. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక రైతు రెండు రాత్రులు టిక్కీల (మిర్చి బస్తాల) మీదే పడుకుని, మూడో రోజు బాబాయిని సలహా అడిగాడు. "ఇప్పుడమ్మకు. ఏసీలో పెట్టు" అన్నాడు బాబాయి. (కోల్డ్ స్టోరేజీని మా వైపు ఏసీ అనే అంటారు. నేను లెక్కలు రాసేది కూడా ఒక ఏసీలోనే.) ధర లేవలేదు. 2025 ఫిబ్రవరికి ఇంకా పడింది, పైగా ఏసీ అద్దె. ఆ రైతు బాబాయిని ఒక్క మాట అనలేదు. మళ్ళీ కొత్త పంట తీసుకుని అదే కొట్టుకి వచ్చాడు.

టైలర్ చేత ఇలాంటి సలహా ఎలా ఇప్పించను? మహా అయితే "పొడుగు చేతులు పెట్టించుకో" అంటాడు. దానికి ఎవరి ఏడాది కష్టమూ పోదు. మంచి మనసుతో చెప్పిన మాట ఒకరి ఇంటి లెక్కలు తారుమారు చేయాలంటే ఆ ధర, ఆ ఎదురుచూపు, ఆ అద్దె ఉండాల్సిందే. బాబాయిని మళ్ళీ యార్డుకి పంపించేశాను.

పంపాక మరో బెడద. ఇక్కడి పాఠకులకి యార్డు కొట్టిన పిండి. శనివారం కాటా వేయించానంటే "ఆ రోజు సెలవమ్మా" అని ఫోన్ వస్తుంది. ఎండలు ముదిరాక యార్డుకి వేసవి సెలవులుంటాయి, అప్పుడు వేలం పెట్టకూడదు. రంగు పోయిన తాలుకాయకీ తేజకీ ఒకే రేటు చెప్పించానంటే ఇక నా కథ ఎవరూ చదవరు. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. కథలో ఆ అంకె ఎక్కడా లేదు. కానీ అది తెలియకుండా ఆ రైతు నోట ఒక్క వాక్యం కూడా పలికించలేకపోయాను. ఎంత తిట్టాలి, ఎక్కడ ఆగి నవ్వాలి అన్నది ఆ అంకే చెప్పింది.

కల్పించింది ఒక్కటే. ఆ రైతు విషయంలో తనకేమనిపించిందో బాబాయి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఆయన నోరు విప్పని చోటే నాకు పని దొరికింది. కథలో ఆయన ఒక శనివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్తాడు. పక్క వీధిలో పెళ్ళికొచ్చానని అబద్ధమాడి, ఏసీ అద్దె డబ్బులు రైతు చేతిలో పెడతాడు. నిజానికి బాబాయి ఆ ఊరే చూడలేదు.

రైతుని మాత్రం గుర్తుపట్టనీయకుండా మార్చేశాను. ఊరు, వయసు, పిల్లలు, నడక అన్నీ మార్చాను. మా వాళ్ళయితే చదివి నాతో పోట్లాడగలరు. ఆయనకి ఆ వీలు లేదు కదా. పోట్లాడలేని వాళ్ళకే ఎక్కువ ముసుగు వేయాలని నా లెక్క. కొందరు రచయితలు సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు. బంధువుల్ని పదిలంగా దాచి, పనిమనిషిని పేరుతో సహా దింపేస్తారు. నాకది గిట్టదు.

పిన్ని కథ చదివి రెండు రోజులు ఏమీ అనలేదు. తర్వాత వంటింట్లో నన్ను ఆపి, "అందుకేనే ఆ శనివారం భోజనానికి రాలేదు మనిషి! కొట్లో లెక్కలున్నాయని నాకు చెప్పాడు" అంది. అది కల్పనేనని ఎంత చెప్పినా వినలేదు. నా కథలోని శనివారానికి ఆవిడ దగ్గర అసలైన శనివారం సిద్ధంగా ఉంది. ఇప్పుడు చుట్టాలొస్తే ఆ ప్రయాణం గురించి తనే చెబుతోంది. కథలో లేని కూరగాయల సంచి కూడా చేర్చింది, వచ్చేటప్పుడు రైతు ఇచ్చి పంపాడట.

ఇక బాబాయి. ఆయన కళ్ళజోడు సర్దుకుని చివరిదాకా చదివి, పుస్తకం మూసి, "బస్సెందుకమ్మా, నరసరావుపేట దాకా రైల్లో వెళ్ళి అక్కడ ఆటో ఎక్కితే సరిపోయేది కదా" అన్నాడు. వెళ్ళని ఊరికి దారి సరిదిద్దాడు! వెళ్ళారా, లేదా అని అడగబోయి మానుకున్నాను. రెండో ముద్రణలో రైలే పెట్టాను.

పిన్ని ఇప్పుడు తన కథ రాయమంటోంది. షరతులు కూడా చెప్పేసింది. తనని కాస్త సన్నగా చూపించాలి, తాకట్టులో ఉన్న గాజుల ఊసెత్తకూడదు, తోడికోడలు అన్న మాటలు మాత్రం ఒక్క ముక్క మార్చకుండా ఉన్నదున్నట్టు రాయాలి.

ఆవిడ తోడికోడలంటే మా అమ్మ. నా కథలన్నీ ముందు చదివేది అమ్మే.