నస్కల్‌లో చూడ్డానికేమీ లేదు

మెహదీపట్నంలో పరిగి బస్సెక్కితే కిటికీ పక్క సీటు పట్టుకోవాలి. మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డుకి రెండు పక్కలా మర్రిచెట్లు, ఊడలు బస్సు టాపుకి రాసుకునేంత కిందికి. నేను బయల్దేరింది మాత్రం చెట్ల కోసం కాదు, చెట్లెక్కి బతికిన ఒక చుంచెలుకంత జీవి కోసం. అది పోయి 6.6 కోట్ల ఏళ్లయింది. పేరు దక్కనోలెస్టెస్. గ్రీకులో లెస్టెస్ అంటే దొంగ, కాబట్టి దక్కను దొంగ.

పరిగిలో దిగి, అది దొరికిన ఊరు నస్కల్‌కి ఆటో అడిగితే ‘ఎవరింటికి సారూ?’ అన్నాడు. ఎవరింటికీ కాదు, రాళ్లు చూడాలి అనేసరికి రేటు మారిపోయింది. ఆగి ఉండటానికి కూడా కలిపి అతను చెప్పినది హైదరాబాద్ నుంచి వచ్చిన బస్సు టికెట్‌కి మూడు రెట్లు. రాళ్ల మాట ముందుగా ఎత్తకూడదని అప్పుడు అర్థమైంది.

ఊళ్లో దీని గురించి చెప్పే బోర్డేదీ నాకు కనపడలేదు. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్లిన ప్రతి పిల్లాడికీ అక్కడ నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం తెలుసు. దక్కనోలెస్టెస్ గురించి అడిగితే మాత్రం ఎవరూ పలకరు. పెద్ద జంతువుకి ఫొటో ఉంటుంది. దీనివి దొరికినవి ఎక్కువగా పళ్లు, చీలమండ ఎముకలు. పన్ను ఆవగింజంత, ఒక మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. ఆ పన్నుని 1988లో శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. క్రెటేషియస్ కాలపు, అంటే డైనోసార్ల చివరి కాలపు, పాలిచ్చే జంతువు భారతదేశంలో దొరకడం అదే మొదలు. ‘భారత్‌లో మొదటి ప్రాచీన క్షీరదం’ అని కొందరు రాసేస్తారు, అది తప్పు. గోదావరి లోయలోని ‘కోట’ అనే రాతి పొరల్లో జురాసిక్ కాలపు కోటాథీరియం పన్ను అంతకుముందే, 1981లోనే, లెక్కకెక్కింది. రెంటికీ మధ్య పది కోట్ల ఏళ్ల తేడా ఉంది, కలిపి చదవకూడదు.

ఊరి చుట్టూ నేల చదవడం తేలికే. పైన నల్లరేగడి. దాని కింద నల్లరాయి, అంటే లావా. ఎత్తైన చోట్ల ఎర్రటి మొరం, అనంతగిరి గుట్టల మీద కనిపించేదే. ఈ నల్లరాయి ఒకే పోతగా పోసింది కాదు. ఒక లావా పారి చల్లారాక చాలాకాలం ఏమీ జరగలేదు. ఆ విరామంలో గుంటల్లో నీళ్లు నిలిచాయి, చెరువులు ఏర్పడ్డాయి, కప్పలు, చేపలు, పాములు చేరాయి. తర్వాత మరో లావా వచ్చి వాటిని కప్పేసింది. రెండు నల్లరాళ్ల మధ్య మిగిలిన ఆ పలుచటి బురద, సుద్ద పొరనే ఇంటర్‌ట్రాపియన్ అంటారు. రొట్టెల మధ్య రాసిన పచ్చడిలాంటిది. దక్కనోలెస్టెస్ ఉన్నది ఆ పచ్చడిలో. నల్లరాయిలో వెతికితే జీవితకాలం వృథా. తాండూరు నాపరాళ్లలో వెతకడం ఇంకా వృథా, అవి పళ్లున్న జంతువు ఏదీ పుట్టకముందటి సున్నపురాళ్లు.

పొర ఎక్కడ బయటపడుతుందంటే బావి తవ్విన చోట, వాగు కోసిన గట్టులో, రోడ్డుకి మట్టి తీసిన చోట. గుర్తుపట్టడానికి నత్తగుల్లలు చాలు. చిన్నవి, మెలికలు తిరిగినవి, మంచినీటి నత్తలవి, గోరుతో గీకితే తెల్లగా రాలతాయి. అవి ఉంటే పొర చెరువుదే. పన్ను కంటికి కనపడుతుందనుకుని గట్టుకి ముక్కు ఆనించి వెతికేవాళ్లుంటారు. గంట తర్వాత నడుంనొప్పే మిగులుతుంది. గట్టు దగ్గర నిలబడ్డవాడికి కనిపించేది బురదే. జంతువు కనపడేది జల్లెడలో.

ఈ పనినే బురద కడగడం అంటారు. ముందు పొరని గునపంతో పెళ్లగించి గోనెసంచుల్లో నింపాలి. ఏ పొరలోది, కింది లావాకి ఎన్ని సెంటీమీటర్ల పైన, అన్నది చీటీ రాసి సంచిలోపల ఒకటి, బయట ఒకటి పెట్టాలి. లోపలి చీటీ తడికి చిరుగుతుంది, బయటిది లారీలో ఊడుతుంది, అందుకే రెండు. తర్వాత మట్టిని ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పచ్చిగా ఉన్న బంకమట్టి నీళ్లలో వేస్తే ముద్దలాగే కూర్చుంటుంది. బాగా ఎండిన గడ్డ నీటిని గబగబా పీల్చుకుని దానంతటదే విచ్చుకుంటుంది. మొండి మట్టి అయితే ఎండిన గడ్డల్ని ఒక పూట కిరసనాయిల్లో నానేసి, నూనె వంపేసి, నీళ్లు పోస్తారు. చేత్తో పిసకకూడదు. ఆవగింజంత పన్నుకి వేర్లు కూడా ఉంటాయి, పిసికితే ముందుగా విరిగేవి అవే.

జల్లెడలు రెండు. పైది 2 మిల్లీమీటర్ల కన్ను, రాళ్లూ వేళ్లూ ఆగడానికి. కిందిది అర మిల్లీమీటరు. ఇంట్లో రవ్వ జల్లెడ తెచ్చి కడిగితే పన్ను నిలువుగా దొర్లి నీళ్లతో పోతుంది. కడిగినవాడికి ఆ సంగతే తెలియదు. జల్లెడని నీటి తొట్టెలో సగం ముంచి మెల్లగా ఊపాలి, పైనుంచి పైపుతో కొట్టకూడదు. ఒక సంచికీ ఇంకో సంచికీ మధ్య జల్లెడని ఎండబెట్టి బ్రష్‌తో దులపకపోతే కింది పొర పన్ను పై పొర లెక్కలో చేరుతుంది. ఆ తర్వాత ఎంత గొప్ప మైక్రోస్కోపున్నా ఆ తప్పు దిద్దలేరు.

సుద్ద గట్టిగా ఉంటే నీళ్లు పనిచేయవు. బాగా పలచన చేసిన ఎసిటిక్ ఆసిడ్‌లో, అంటే వెనిగర్‌లో ఉండేదే, రోజుల తరబడి ఉంచుతారు. తొందరపడి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పోస్తే సుద్దతో పాటు పన్ను కూడా కరుగుతుంది. ఎముక, పన్ను, రెండూ కాల్షియం ఫాస్ఫేటే కదా.

సంచెడు మట్టి కడిగితే మిగిలేది దోసెడు గుల్ల. అది ఆరాక గళ్లు గీసిన పళ్లెంలో ఒక్క వరసగా పరిచి, పది ఇరవై రెట్లు పెద్దది చేసి చూపే మైక్రోస్కోపు కింద గడి గడి చూసుకుంటూ పోవాలి. దొరికిన పన్నుని తడి బ్రష్ కొసతో అంటించుకుని తీయాలి. పట్టకారుతో పడితే అది చిటుక్కున ఎగిరిపోతుంది, గది ఊడ్చుకోవాలి.

ఇంత చేస్తే చేపముళ్లు, కప్ప దవడలు, బల్లి పళ్లు వస్తాయి. ఇండోఫిస్ సాహ్ని అనే పాము వెన్నుపూసలు నస్కల్‌వే, 1992లో పేరు పెట్టారు. వాటన్నిటి తర్వాత, అదృష్టముంటే, దక్కనోలెస్టెస్ దంతం. కింది దవడ పన్నైతే ముందు మూడు మొనలు, వెనక చిన్న గుంట. పై పన్ను మొన ఆ గుంటలో దిగి రోకలి, రోలు లాగా పురుగుల్ని నలిపేది. మొదటి జాతికి హిస్లోపి అని పేరు. నాగపూర్‌లో మిషనరీగా ఉంటూ ఈ చెరువు పొరల గుల్లల్ని పోగుచేసిన స్టీఫెన్ హిస్లోప్ గుర్తుగా. ఆయన 1863లో వాగు దాటుతూ మునిగిపోయాడు.

పన్ను మాత్రమే అయితే ఇది ‘ఏదో పురుగులు తినేది’ దగ్గర ఆగిపోయేది. 1994లో చీలమండ ఎముకల మీద పని బయటికొచ్చాక కథ మారింది. కీలు తిరిగే తీరు నేల మీద పరుగెత్తేదాని తీరు కాదు, కొమ్మ పట్టుకుని పాకేదాని తీరు. అప్పట్లో భారత్ సముద్రం మధ్య ఒంటరిగా ఉత్తరానికి జరుగుతున్న దీవి. మరి ఉత్తర ఖండాల్లో ఎక్కువగా కనిపించే ఈ కుదురు జంతువు ఇక్కడికెలా చేరింది? దుంగల మీద తేలి వచ్చిందనేవాళ్లొకరు, ఇక్కడే పుట్టి బయటికి పోయిందనేవాళ్లొకరు. 2022లో నస్కల్ లావాల వయసు కట్టిన బృందం ఈ పొర డైనోసార్లు పోవడానికి కాస్త ముందుదని తేల్చింది. ఎలా వచ్చిందన్న గొడవ మాత్రం తీరలేదు.

గట్టు పక్క చేను పెద్దాయన అంతసేపూ చూసి, ‘బంగారమేమన్న దొరికిందా?’ అన్నాడు. ఎలుకంత జంతువు పన్ను కోసమన్నాను. ‘మా చేన్ల ఎలుకలు మస్తున్నయ్, పట్కపోండ్రి’ అన్నాడు.

పోవాలనుకునేవాళ్లు పంట కోశాక, వేసవి ముదరకముందే పోండి. వానాకాలంలో రేగడి చెప్పుల్ని వదలదు, వాగు దారినే మింగుతుంది. చేలు సొంతదారులవి, అడిగి దిగండి. గుల్ల ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకోవద్దు. ఏ పొరలోదో చీటీ లేని ముక్క ఎవరికీ పనికిరాదు.

ఆటోవాడు తిరుగుదారిలో ఏం చూశారని అడిగాడు. బురద అన్నాను. చెప్పిన రేటులో రూపాయి తగ్గించలేదు.